ముప్పై ఏళ్ల తర్వాత చెల్లించాల్సిన మాట

2019 నవంబరు మొదటి వారంలో లక్నోలో కొన్ని అరెస్టులు జరిగాయి. ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ ట్రస్టు నుంచి నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా దీవాన్ హౌసింగ్ అనే ప్రైవేటు గృహరుణాల కంపెనీకి డిపాజిట్లుగా వెళ్లింది. కంపెనీ కుదేలయ్యేసరికి అందులో రూ. 2,200 కోట్లకు పైగా వెనక్కి రాకుండా చిక్కుకుపోయింది. స్తంభాలెక్కే లైన్‌మన్ మొదలు ఇంజినీరు దాకా అందరి జీతంలోనూ నెలనెలా కోసి దాచిన సొమ్ము అది. అదే నెల 22న స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ హైదరాబాద్‌లోని కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద ఉత్తర్వు జారీ చేసింది. ఖాతాదారుల షేర్లను వాళ్లకు తెలియకుండా తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నారన్నది అభియోగం. మొత్తం రూ. 2,000 కోట్లు దాటింది.

ఈ రెండు వార్తల పక్కన పెద్దగా ఎవరూ పట్టించుకోని మూడో సంగతి ఒకటుంది. ఆ కార్వీ కుటుంబంలోనే పుట్టి, అప్పటికే యాజమాన్యం మారి, ఆ తర్వాత కేఫిన్ టెక్నాలజీస్‌గా పేరు మార్చుకున్న కంపెనీ జాతీయ పింఛను పథకం, అంటే ఎన్‌పీఎస్, చందాదారుల లెక్కలు రాస్తోంది. 2017 నుంచీ అదే పనిలో ఉంది. కార్వీ కూలినప్పుడు ఆ పింఛను ఖాతాలకు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో అర్థమైతే పింఛను నియంత్రణ అనే ఈ పెద్ద ప్రశ్నలో సగం అర్థమైనట్టే. లెక్కలు రాసే కంపెనీ చేతికి ఒక్క రూపాయి కూడా రాదు. సొమ్ము ట్రస్టీ బ్యాంకు ద్వారా ప్రవహిస్తుంది. షేర్లు, బాండ్లు వాటిని భద్రపరిచే కస్టోడియన్ దగ్గర ఉంటాయి. ఎందులో మదుపు చేయాలో నిర్ణయించేది వేరే కంపెనీ. వీటన్నిటి మీదా చందాదారుల పేరున హక్కుదారుగా ఎన్‌పీఎస్ ట్రస్టు, దాని పైన పీఎఫ్‌ఆర్‌డీఏ అనే నియంత్రణ సంస్థ ఉన్నాయి. లక్నోలో మాత్రం జీతం కోసేదీ, ట్రస్టు నడిపేదీ, ఎక్కడ దాచాలో తేల్చేదీ ఒకే కార్యాలయం మనుషులు.

పింఛను అంటే ముప్పై ఏళ్ల తర్వాత చెల్లించాల్సిన మాట. మాట ఇచ్చేవారొకరు, సొమ్ము పట్టుకునేవారొకరు, ఈ ఇద్దరినీ కనిపెట్టి చూసేవారొకరు ఉండాలి. ఆ ముగ్గురూ వేర్వేరుగా ఉన్నంత కాలం పొదుపు చేసుకున్న మనిషికి ధైర్యం. ముగ్గురూ ఒకరే అయినచోట కంచే చేను మేసిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. వడ్డీ ఎంత, రాబడి ఎంత అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ జోరుగానే సాగుతుంది. కాపలా ఎవరిది అన్న చర్చే తక్కువ.

ఈ పాఠం అందరికంటే గట్టిగా నేర్చుకున్నది బ్రిటన్. 1991 నవంబరు 5న పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ తన నౌక నుంచి అట్లాంటిక్ మహాసముద్రంలో పడి చనిపోయాడు. తర్వాత లెక్కలు తీస్తే మిర్రర్ పత్రికల సంస్థ, ఆయన ఇతర కంపెనీల ఉద్యోగుల పింఛను నిధుల్లోంచి 40 కోట్ల పౌండ్లకు పైగా మాయమైనట్టు తేలింది. మునిగిపోతున్న తన కంపెనీల షేర్ల ధర నిలబెట్టడానికి, అప్పులు తీర్చడానికి ఆ సొమ్ము వాడుకున్నాడు. ట్రస్టీల్లో ఆయన మనుషులే ఉన్నారు కాబట్టి అడ్డు చెప్పినవారు లేరు. ప్రభుత్వం రాయ్ గూడ్ అధ్యక్షతన కమిటీ వేసింది. దాని సిఫార్సుల మీద 1995లో పింఛన్ల చట్టం వచ్చింది. ట్రస్టీల్లో కొందరిని ఉద్యోగులే ఎంచుకోవాలన్న నియమం అలా వచ్చిందే. అయినా కంపెనీలు దివాలా తీసినప్పుడు పింఛన్లు గాలికి పోవడం ఆగలేదు. చివరికి 2004 చట్టంతో కొత్త నియంత్రణ సంస్థ, దాంతోపాటు పింఛను రక్షణ నిధి 2005లో మొదలయ్యాయి. దివాలా తీసిన కంపెనీలో అప్పటికే పింఛను వయసు దాటినవారికి ఈ నిధి పూర్తి పింఛను ఇస్తుంది, ఇంకా ఆ వయసు రానివారికి 90 శాతం. డబ్బు ఎక్కడిదంటే, అందులో ఒక భాగం మిగతా కంపెనీల పింఛను పథకాల మీద ఏళ్ల తరబడి వేసిన చందా.

అమెరికాలో ఇదే పని ఒక కార్ల ఫ్యాక్టరీ మూతతో మొదలైంది. 1963 డిసెంబరులో ఇండియానా రాష్ట్రం సౌత్‌బెండ్‌లో స్టూడ్‌బేకర్ కంపెనీ కర్మాగారం మూసేసింది. అరవై దాటినవారికి పింఛను దక్కింది. నలభై నుంచి యాభై తొమ్మిది ఏళ్ల మధ్య ఉన్న నాలుగు వేల మందికి రావాల్సినదాంట్లో సుమారు 15 శాతమే చేతికొచ్చింది. అంతకంటే చిన్నవాళ్లకు ఏమీ లేదు. పదకొండేళ్ల పోరాటం తర్వాత 1974లో ఎరిసా చట్టం, పింఛన్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ వచ్చాయి. ఆ బీమా నిర్ణీత పింఛను ఇచ్చే పథకాలకే వర్తిస్తుందన్న సంగతి అమెరికాలో పనిచేస్తున్న మన తెలుగు ఐటీ ఉద్యోగులు గుర్తుంచుకోవాలి. వాళ్లలో ఎక్కువమందికి ఉండేది 401(కె) ఖాతా. అది కంపెనీ ఆస్తుల్లో కలవదు కాబట్టి కంపెనీ దివాలా తీసినా భద్రమే. కానీ మదుపులో నష్టం వస్తే పూడ్చేవారు లేరు. 2001లో ఎన్‌రాన్ కూలినప్పుడు ఆ ఉద్యోగుల ఖాతాల్లో పెద్ద భాగం ఎన్‌రాన్ షేర్లే. ఉద్యోగమూ పోయింది, పొదుపూ పోయింది.

మరి మన దేశం సంగతి? ఇక్కడ పింఛను ఒక్క గొడుగు కింద లేదు. ప్రైవేటు రంగానికి 1952 చట్టంతో వచ్చిన ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ, 1948 నుంచీ బొగ్గు గనులకు వేరే ప్రావిడెంట్ ఫండ్ సంస్థ, 2004 తర్వాత చేరిన ప్రభుత్వ ఉద్యోగులకు ఎన్‌పీఎస్, బీమా కంపెనీల పింఛను పాలసీలకు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఐఆర్‌డీఏఐ, మ్యూచువల్ ఫండ్ల రిటైర్మెంట్ పథకాలకు సెబీ. సింగరేణిలో బొగ్గు తవ్విన కార్మికుడికీ, అదే ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసిన నర్సుకూ, జిల్లాపరిషత్ బడిలో పాఠం చెప్పిన టీచరుకూ వృద్ధాప్యంలో దిక్కయ్యే చట్టాలు మూడు. ఫిర్యాదు చేసుకునే గుమ్మాలూ మూడే.

పింఛను యజమాని దయతో ఇచ్చేది కాదని, చేసిన సేవకు వచ్చే హక్కని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1982 డిసెంబరు 17న నకారా కేసులో స్పష్టం చేసింది. పింఛనుదారుల సంఘాలు ఇప్పటికీ ఏటా డిసెంబరు 17ను పండుగలా జరుపుకునేది అందుకే. కానీ ఆ తీర్పు నాటి పింఛను ఖజానా నుంచి నేరుగా వచ్చేది. దానికి వెనక నిధి అంటూ లేదు, ఆ ఏడు పన్నులే ఆధారం. ఆయుర్దాయం పెరిగి, జీతాలు పెరిగి, ఖజానాలు తట్టుకోలేని స్థితి వచ్చాకే సంస్కరణ మాట లేచింది. ఎస్.ఏ. దవే అధ్యక్షతన ఓయాసిస్ కమిటీ 2000లో నివేదిక ఇచ్చింది. ప్రతి మనిషికీ ఒక ఖాతా, ఉద్యోగం మారినా మారని నంబరు, తక్కువ రుసుము అన్నవి అందులోని ముఖ్యమైన ఊహలు. వాటి మీదే కేంద్రం 2004 జనవరి 1 నుంచి సైన్యం మినహా కొత్త ఉద్యోగులందరినీ ఎన్‌పీఎస్‌లో చేర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి చేర్చింది. మన ఉద్యోగుల నోట అది సీపీఎస్.

ఇక్కడ ఒక లోపాన్ని చెప్పుకోక తప్పదు. ఉద్యోగుల జీతాల్లో కోత 2004లోనే మొదలైంది, కానీ నియంత్రణ సంస్థకు పార్లమెంటు చట్టం దక్కింది 2013 సెప్టెంబరులో. అమల్లోకి వచ్చింది 2014 ఫిబ్రవరి 1న. దాదాపు పదేళ్లు పీఎఫ్‌ఆర్‌డీఏ ప్రభుత్వ తీర్మానం బలంతోనే నడిచింది. తప్పు చేసిన మధ్యవర్తిని చట్టం ప్రకారం శిక్షించే అధికారం లేకుండానే లక్షలమంది సొమ్మును కాపలా కాసింది. రాష్ట్రాల్లో ఉద్యోగి వాటా కోసి, సర్కారు వాటా కలిపి సకాలంలో జమ చేయడంలో జాప్యాలను ఎన్‌పీఎస్ మీద కాగ్ చేసిన ఆడిట్ ఎత్తిచూపింది. ఆలస్యమైన ప్రతి నెలా ఉద్యోగి కోల్పోయేది ఆ నెల రాబడిని మాత్రమే కాదు, దాని మీద పాతికేళ్లు పెరగాల్సిన రాబడిని కూడా.

చట్టం వచ్చాక మాత్రం దాని నిర్మాణం గట్టిగానే ఉంది. చందాదారుల సొమ్మును విదేశాల్లో మదుపు చేయకూడదని అందులో రాసి ఉంది. పింఛను ఫండ్లలో కనీసం ఒకటి ప్రభుత్వ సంస్థ అయి ఉండాలి. చందాదారుల రక్షణకు, అవగాహనకు ప్రత్యేక నిధి ఉంది. రుసుముల సంగతి మరీ చెప్పుకోదగ్గది. 2009లో ఎన్‌పీఎస్‌ను సామాన్యులందరికీ తెరిచినప్పుడు మదుపు రుసుము లక్ష రూపాయలకు ఏడాదికి 90 పైసలు. ఇంత తక్కువకు అమ్మిపెట్టే ఏజెంటు ఎవరూ దొరకక పథకం చాలాకాలం ముందుకు కదల్లేదు. 2021లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఫండు పరిమాణాన్ని బట్టి లక్షకు 30 నుంచి 90 రూపాయలు. ఏజెంటు ద్వారా కొన్న ఈక్విటీ మ్యూచువల్ ఫండులో ఇది వెయ్యిన్నర దాటే సందర్భాలు మామూలే. తేడా చిన్నదనిపిస్తుంది. కానీ ఏడాదికి ఒక్క శాతం రుసుము ముప్పై ఏళ్లపాటు కోస్తే, మొదట్లో పెట్టిన సొమ్ము చివరికి పెరగాల్సినదాంట్లో నాలుగో వంతు ఆ రుసుముకే పోతుంది. దొంగతనం ఒక్కసారి జరిగి పత్రికలకెక్కుతుంది. రుసుము ఏటా కోసుకుపోతుంది, ఎవరికీ తెలియదు. పొదుపు రక్షణ అంటే రెండోదాన్ని అదుపు చేయడం కూడా.

అయితే ఇంత గట్టి నిర్మాణంలో ఒక్కటి లేదు: చివరికి నెలకెంత వస్తుందన్న హామీ. చట్టమే ఆ మాట స్పష్టంగా చెబుతుంది, మార్కెట్ ఆధారంగా కొనుక్కున్న హామీ తప్ప వేరే హామీ ఉండదని. ఉద్యోగి అరవయ్యేళ్లకు చేరేసరికి ఖాతాలో ఉన్నదాంట్లో 40 శాతంతో బీమా కంపెనీ నుంచి జీవితాంతం నెలనెలా సొమ్మిచ్చే యాన్యుటీ కొనాలన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. ప్రభుత్వేతర చందాదారులకు 2025 డిసెంబరులో దాన్ని 20 శాతానికి తగ్గించారు. చాలామంది సంతోషించారు. కానీ పింఛను ఖాతా అన్నాక పింఛను వచ్చే భాగాన్ని తగ్గించడం రక్షణ ఎలా అవుతుందో ఆలోచించాలి. అసలు చిక్కు యాన్యుటీలోనే ఉంది. పది లక్షలు పెడితే నెలకు అయిదారు వేలు వస్తాయి. సాధారణంగా ఆ అంకె చనిపోయేదాకా అదే. మందుల ధరలు పెరుగుతాయి, అద్దె పెరుగుతుంది, యాన్యుటీ పెరగదు. ధరలతోపాటు పెరిగే యాన్యుటీ మన మార్కెట్‌లో దొరకడం లేదు. ఖాతాను ముప్పై ఏళ్లు కాపాడిన పీఎఫ్‌ఆర్‌డీఏ ఆ గుమ్మం దగ్గర చందాదారుణ్ని ఐఆర్‌డీఏఐకి అప్పగిస్తుంది. ఈ అప్పగింత సవ్యంగా జరిగేలా చూసే బాధ్యత పూర్తిగా ఏ ఒక్కరిదీ కాదు.

సీపీఎస్ రద్దు ఉద్యమం పుట్టింది ఈ అనిశ్చితిలోంచే. ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్నికల హామీ అయింది, అధికారంలోకి వచ్చాక సాధ్యం కాదని తేలింది. 2023 సెప్టెంబరులో గ్యారంటీ పింఛను పథకం బిల్లు శాసనసభలో ఆమోదం పొందింది. చివరి మూలవేతనంలో సగం, దాని మీద కరువు భృతి అన్నది దాని సారాంశం. ఉద్యోగ సంఘాలు అప్పుడూ తృప్తిపడలేదు. ఏడాది తిరగకుండానే, 2024 ఆగస్టు 24న, కేంద్రం ఏకీకృత పింఛను పథకానికి ఆమోదం తెలిపి 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు మొదలుపెట్టింది. పాతికేళ్ల సర్వీసు ఉంటే చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం, పదేళ్లకు కనీసం పది వేలు. సర్కారు వాటా 18.5 శాతానికి పెరిగింది. హామీ కోరిన ఉద్యోగులది తప్పు కాదని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నట్టే.

రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్‌ప్రదేశ్‌లు వేరే దారి పట్టాయి. పాత పింఛనుకు మళ్లుతున్నామని ప్రకటించి, ఇన్నాళ్లూ జమచేసిన సొమ్మును తమ ఖజానాకు తిరిగి ఇమ్మన్నాయి. చట్టంలో అలాంటి వీల్లేదని కేంద్రం, పీఎఫ్‌ఆర్‌డీఏ తేల్చిచెప్పాయి. రాష్ట్రాల మీద ఎంత సానుభూతి ఉన్నా ఆ జవాబు సరైనదే. ఉద్యోగి పేరున ఉన్న ఖాతాను ఖజానా అవసరానికి వెనక్కి తీసుకునే వీలుంటే అది ఖాతాయే కాదు. రేపు వచ్చే ప్రభుత్వం పాత పింఛను మాట తప్పితే ఆ ఉద్యోగి చేతిలో మిగిలేది ఆ ఖాతా ఒక్కటే.

చట్టం ఉన్నా వేరే కాపలాదారు లేకపోతే ఏమవుతుందో తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో పొదుపు సంఘాల మహిళల కోసం అభయహస్తం తెచ్చారు. సభ్యురాలు రోజుకో రూపాయి, ప్రభుత్వం రోజుకో రూపాయి. అరవై దాటాక నెలకు కనీసం 500 రూపాయలు. నిధి నిర్వహణ ఎల్ఐసీకి. దీనికోసం ప్రత్యేక చట్టమే చేశారు. కూలీనాలీ చేసుకునే లక్షలమంది ఆడవాళ్లు తమ వృద్ధాప్యానికి తామే చందా కట్టుకోవడం దేశంలోనే అరుదైన ప్రయత్నం. ఆ ఊహను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ సర్కార్లు మారాయి, రాష్ట్రం రెండయింది. ఉచితంగా ఇచ్చే సామాజిక పింఛను అంతకంటే ఎక్కువకు చేరింది, చందా కట్టిన అయిదు వందలు వెలవెలబోయాయి. పథకం ఆగిపోయింది. తెలంగాణలో కట్టిన సొమ్మును తిరిగి ఇస్తామని 2022లో ప్రకటించారు. పథకం పెట్టిందీ, వాటా వేస్తానన్నదీ, కొనసాగించాలా వద్దా అని తేల్చిందీ ప్రభుత్వమే. మా పింఛను ఏమైంది అని ఆ మహిళ అడగడానికి ఆ ప్రభుత్వానికి అవతల ఒక్క గుమ్మం లేదు. రాష్ట్రాలు పెట్టే చందా పింఛన్లను కూడా పీఎఫ్‌ఆర్‌డీఏ పరిధిలోకి తేవాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

సామాజిక పింఛన్లు పొదుపు కిందికి రావు గానీ, పక్కన పెట్టి చూడాల్సినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకు నెలకు 4,000. తెలంగాణలో ఆసరా పింఛను 2019 నుంచి 2,016. ఇందులో కేంద్రం వాటా ఎనభై ఏళ్ల లోపు వారికి 200 రూపాయలే, అదీ 2007 నుంచి మారలేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో బీడీలు చుట్టే మహిళలకు ఆసరా రావడానికి ఆధారమైంది వాళ్ల పీఎఫ్ ఖాతాయే. ఇంట్లో కూర్చుని బీడీ చుట్టే మనిషి కూడా పీఎఫ్ చట్టం దృష్టిలో ఉద్యోగే అని సుప్రీంకోర్టు 1985లో తీర్పు ఇవ్వకపోతే ఆ ఖాతాలు ఉండేవి కావు.

అందుకే ఈపీఎఫ్‌ఓ దగ్గరికి వచ్చేసరికి మాట జాగ్రత్తగా చెప్పాలి. అది చేసిన మేలు పెద్దది. చట్టం దాని చేతికి ఇచ్చిన ఆయుధాలు కూడా పదునైనవే. కార్మికుడి జీతంలో కోసిన వాటాను యజమాని జమ చేయకపోతే అది నేరపూరిత నమ్మకద్రోహం. బకాయిలను లెక్కగట్టి ఉత్తర్వు ఇచ్చే అధికారం ఈపీఎఫ్‌ఓ అధికారికి ఉంది. దాని మీద 12 శాతం వడ్డీ, పైన జరిమానా. కంపెనీ దివాలా తీస్తే ఉద్యోగుల పీఎఫ్ నిధులు అప్పులవాళ్లు పంచుకునే ఆస్తిలో కలవవని దివాలా చట్టంలోనే ఉంది. జెట్ ఎయిర్‌వేస్ మూతపడ్డాక ఉద్యోగులకు పీఎఫ్ బకాయిలు పూర్తిగా చెల్లించాలని 2022లో ట్రిబ్యునల్ చెప్పింది ఆ బలంతోనే. సొంత పీఎఫ్ ట్రస్టు నడుపుకునే కంపెనీలో నష్టం వస్తే యజమానే పూడ్చాలి. అయితే యజమానే కుప్పకూలితే? బ్రిటన్ లాంటి రక్షణ నిధి మనకు లేదు. బ్యాంకులో వేసిన డిపాజిట్‌కు అయిదు లక్షల దాకా బీమా ఉంది, కంపెనీ ట్రస్టులో ముప్పై ఏళ్లు దాచిన పీఎఫ్‌కు లేదు. ఈ లోటును పూడ్చే చట్టం ఎప్పుడో రావాల్సింది.

ఈపీఎఫ్‌ఓలో అసలు లోపం నిర్మాణంలో ఉంది. చందా వసూలు చేసేది అదే, సొమ్ము దాచేది అదే, వడ్డీ ఎంతో సిఫార్సు చేసేది దాని ధర్మకర్తల మండలి, ఆ మండలికి అధ్యక్షుడు కేంద్ర కార్మిక మంత్రి. కంపెనీల సొంత ట్రస్టులను తనిఖీ చేసేదీ అదే. ఇరవై లక్షల కోట్లు దాటిన నిధి మీద పీఎఫ్‌ఆర్‌డీఏకు గానీ, సెబీకి గానీ, ఐఆర్‌డీఏఐకి గానీ అధికారం లేదు. 2023-24కూ, 2024-25కూ 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. చందాదారులకు మంచి వడ్డీయే. కానీ ఆ వడ్డీ ఎలా లెక్కతేలిందో, 2015 నుంచి షేర్ల ఫండ్లలో పెడుతున్న వాటా ఎంత లాభం తెచ్చిందో, 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ లాంటి అత్యున్నత రేటింగ్ ఉన్న సంస్థ ఎగ్గొట్టినప్పుడు భారం ఎవరి మీద పడిందో సామాన్య సభ్యుడు తన పాస్‌బుక్కులో చూసి తెలుసుకోలేడు. ఎన్‌పీఎస్ ఖాతాలో యూనిట్ ధర ఏ రోజుకారోజు కనిపిస్తుంది.

దీని ఫలితం ఉద్యోగుల పింఛను పథకం, అంటే ఈపీఎస్-95లో కనిపిస్తుంది. యజమాని వాటాలోంచి జీతంలో 8.33 శాతం ఇటు వస్తుంది, అదీ 15,000 జీతం మేరకే, అంటే నెలకు 1,250. కేంద్రం 1.16 శాతం కలుపుతుంది. పింఛను లెక్క సులువు: సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి డెబ్బయితో భాగించాలి. పదిహేను వేల మీద, పింఛనుకు లెక్కించే సర్వీసు ముప్పై ఏళ్లయితే నెలకు 6,428 రూపాయలు. కనీస పింఛను వెయ్యి. 2014 సెప్టెంబరులో పెట్టిన ఆ వెయ్యిని పదేళ్లు దాటినా పెంచలేదు. భగత్‌సింగ్ కోషియారీ కమిటీ అంతకుముందే, 2013లో, కనీసం మూడు వేలైనా ఇవ్వాలని చెప్పింది. అసలు జీతం మీద చందా కట్టి ఎక్కువ పింఛను పొందే అవకాశం కోసం కార్మికులు కోర్టుల చుట్టూ తిరిగారు. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు నాలుగు నెలల గడువిచ్చింది. పదిహేడు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇరవై ఏళ్ల కిందటి జీతం రికార్డులు తెమ్మంటే మూతపడ్డ కంపెనీ ఉద్యోగి ఎక్కణ్నుంచి తెస్తాడు? రికార్డు భద్రపరచాల్సింది సంస్థ, శిక్ష పడింది కార్మికుడికి. ఇలాంటి తగవును పక్షపాతం లేకుండా తీర్చే బయటి నియంత్రణాధికారి ఉండి ఉంటే ఇంతమంది న్యాయస్థానాల మెట్లెక్కే అవసరం వచ్చేది కాదు.

ఇక అసంఘటిత రంగం. 2015లో మొదలైన అటల్ పింఛను యోజనలో చేరినవారు ఎనిమిది కోట్లు దాటారు. 18 ఏళ్లకు చేరితే నెలకు 210 రూపాయలు, 40 ఏళ్లకు చేరితే 1,454, అరవయ్యేళ్లకు నెలకు 5,000. హామీ కేంద్రానిది, రాబడి చాలకపోతే ఖజానా పూడుస్తుంది. మాటకూ సొమ్ముకూ మధ్య ఎడం పాటించిన పథకం ఇది, మంచిదే. కానీ ఆ 5,000 ధరలతో పెరగదు. 2015లో 18 ఏళ్లకు చేరిన యువతికి అరవై వచ్చేది 2057లో. ధరలు ఏడాదికి అయిదు శాతం చొప్పున పెరిగాయనుకుంటే అప్పటి 5,000 ఆమె చేరిన నాటి 650 రూపాయలతో సమానం. ఈ లెక్క బ్యాంకు కౌంటరులో ఫారం నింపించేటప్పుడు ఎవరూ చెప్పరు. అక్కడ బ్రాంచీకి లక్ష్యాలుంటాయి.

అమ్మకం దగ్గర జరిగే నష్టం ఎంత పెద్దదో చెప్పడానికి టాటా స్టీల్ బ్రిటన్ ఉదంతం చాలు. 2017లో అక్కడి ఉక్కు కార్మికుల పింఛను పథకాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు దాదాపు ఎనిమిది వేలమంది తమ హామీ పింఛనును వదులుకుని సొమ్ము బయటికి తీసుకున్నారు. మొత్తం 280 కోట్ల పౌండ్లు. సలహాదారుల్లో చాలామంది ఇచ్చింది తప్పుడు సలహా అని తర్వాత తేలింది. సలహా ఇచ్చినందుకు కాక, కార్మికుడు బయటికి వస్తేనే రుసుము దక్కే పద్ధతి అందుకు మూలం. అక్కడి నియంత్రణ సంస్థ నష్టపరిహార పథకం పెట్టక తప్పలేదు. మన దగ్గర పింఛను పాలసీ అమ్మే ఏజెంటుకు మొదటి ఏడు దక్కే కమీషన్ చూస్తే అదే ప్రమాదం కనిపిస్తుంది.

2025 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో పింఛను పథకాల నియంత్రణలో సమన్వయానికి ఒక వేదిక ఏర్పాటు చేస్తామన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ మండలి పాక్షికంగా తీసుకునే పద్ధతులను సులభం చేస్తూనే, నాలుగో వంతు సొమ్ము ఖాతాలోనే మిగలాలని నిర్ణయించింది. నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చి, యాప్‌ల ద్వారా పనిచేసే డెలివరీ కార్మికుల పేరు మొదటిసారి కేంద్ర చట్టంలో చేరింది. ఇవన్నీ ముందడుగులే. కానీ సమన్వయ వేదిక కాపలాదారు కాదు. ఈపీఎఫ్‌ఓ చందా వసూలు చేసి సేవలందించాలి, దాని నిధినీ కంపెనీల ట్రస్టులనూ పీఎఫ్‌ఆర్‌డీఏ పర్యవేక్షించాలి. ఈపీఎస్ నిధి ఎంత లోటులో ఉందో ఏటా అందరికీ అర్థమయ్యే భాషలో, తెలుగులో కూడా, ప్రచురించాలి. కంపెనీ ట్రస్టుల మీద చిన్న రుసుము వేసి రక్షణ నిధి పెట్టాలి. యాన్యుటీ గుమ్మం దగ్గర ఐఆర్‌డీఏఐ, పీఎఫ్‌ఆర్‌డీఏ ఉమ్మడిగా బాధ్యత వహించాలి. చట్టం మారడానికి ఏళ్లు పట్టవచ్చు. యూనియన్లు వేతన ఒప్పందంతోపాటు ఈ మాటనూ బల్ల మీద పెడితే ఆ మార్పు వేగం అందుకుంటుంది.

పాఠకులు ఈలోగా చేయగల పని ఉంది. ఈ నెలలోనే ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్కు తెరిచి చూడండి. జీతం చీటీలో కోసిన మొత్తం అక్కడ జమైందా, ఆధార్‌లోని పేరూ పుట్టినతేదీ సరిపోలాయా, పాత కంపెనీ వదిలిన తేదీ నమోదైందా, నామినీ ఉన్నారా అన్నవి సరిచూసుకోండి. ఎన్‌పీఎస్ ఉంటే అరవై రాకముందే నాలుగైదు బీమా కంపెనీల యాన్యుటీ రేట్లు రాయించుకోండి. జీతం చీటీలో కోత కనిపించి పాస్‌బుక్కులో జమ కనిపించకపోతే, ఉద్యోగం మారేదాకా ఆగకుండా, ఆ నెలలోనే మీ ప్రాంతీయ పీఎఫ్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.